బొమ్మ అట్ట మీదికొచ్చింది, కథ బయటే ఉండిపోయింది: తెలుగు ప్రచురణకర్తలకు, సంపాదకులకు బహిరంగ లేఖ

తెలుగు పుస్తక ప్రచురణకర్తలకు, పత్రికల సంపాదకులకు, సాహిత్య అకాడమీల పెద్దలకు, విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల ఆచార్యులకు

అయ్యా, అమ్మా,

నమస్కారం. మేము పటం కథలు, అంటే గుడ్డ మీద వేసిన బొమ్మలు చూపిస్తూ చెప్పే కథలు, రికార్డు చేసేవాళ్లం. విన్నదాన్ని కాగితం మీదికి ఎత్తేవాళ్లు, బొమ్మలను అచ్చుకు సిద్ధం చేసేవాళ్లు కూడా మాలో ఉన్నారు. ఈమధ్య నవలల అట్టల మీద, పిల్లల పుస్తకాల్లో, కవితా సంపుటాల లోపలి పేజీల్లో చేర్యాల బొమ్మలు కనబడుతున్నాయి. ఒక్కో కులం తన పుట్టుక గురించి చెప్పుకునే కులపురాణాల్లోని పాత్రలు కొత్త కథల్లోకి నడిచి వస్తున్నాయి. అందుకు మీకు కృతజ్ఞతలు. కానీ బొమ్మ వస్తున్న చోట దాని కథ రావడం లేదు. కథ వచ్చినా చెప్పినవాళ్ల పేరు, వాళ్ల నుడి ఉండడం లేదు. ఈ సంగతి విడివిడిగా ఉత్తరాలు రాసి విన్నవించుకున్నాం. కొందరి నుంచి జవాబే లేదు. కొందరు "వచ్చే ముద్రణలో చూద్దాం" అన్నారు. ఆ ముద్రణా పాతదానిలాగే వచ్చింది. అందుకే ఈ మాట ఇప్పుడు నలుగురిలో పెడుతున్నాం.

సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ కుటుంబాలు వేసే పటం గోడకు తగిలించుకోవడానికి పుట్టింది కాదు. ఊరూరా తిరిగి కులపురాణం చెప్పే ఆశ్రిత కులాలవాళ్లు తమ పనికోసం వేయించుకునేది. మాదిగలకు డక్కలివాళ్లు జాంబపురాణం చెబుతారు. పద్మశాలీలకు కూనపులివాళ్లు మార్కండేయ పురాణం, అందులో భాగంగా భావనారుషి కథ చెబుతారు. ముదిరాజులకు కాకిపడగలవాళ్లు ఉన్నారు. గొల్లలకు కాటమరాజు కథ చెప్పే మందహెచ్చులవాళ్లు గుడ్డ పటానికి బదులు బొమ్మలు నిలబెట్టి చెబుతారు. ఏ ఊళ్లో ఎవరు చెప్పాలన్నది మిరాశిగా, అంటే వంశపారంపర్య హక్కుగా, వస్తుంది. కథ ఒక్క రాత్రితో తెమలదు.

పటం తయారీ గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే అచ్చులో జరిగే పొరపాట్లు చాలావరకు ఇది తెలియక జరుగుతున్నవే. ఖద్దరు గుడ్డకు బియ్యపు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల అంబలి, బంకనీళ్లు కలిపి మూడు పూతలు పూస్తారు. పూతపూతకూ బాగా ఆరాలి. తొందరపడి తడి మీదే రెండో పూత వేస్తే, పటాన్ని చుట్టి విప్పే కొద్దీ పొర పగిలి రంగు పెచ్చులుగా రాలుతుంది. పూత పలచనైతే రంగు గుడ్డలోకి ఇంకి గీత చెదురుతుంది. పెన్సిలు వాడకుండా నేరుగా కుంచెతోనే గీస్తారు. నేలంతా ఎరుపు నింపుతారు. శంఖం నుంచి తెలుపు, దీపం మసి నుంచి నలుపు, ఇంగిలీకం నుంచి ఎరుపు, నీలిమందు నుంచి నీలం తీసేవాళ్లు. ఇప్పుడు కొట్లో దొరికే రంగులు కూడా వాడుతున్నారు. సన్నని గీతలకు కుంచె ఉడుత తోక వెంట్రుకలది. 3 అడుగుల వెడల్పు, 40 అడుగులకు పైబడిన పొడవు, 50 దాకా గళ్లు (కథలో ఒక్కో ఘట్టానికి ఒక్కో గడి) ఉండే పటాలున్నాయి. కళ్లు దిద్దడం ఆఖరి పని. కళ్లు తెరిచాక ఆ పటం పూజ అందుకుంటుంది. పాతబడి పనికిరాకుండా పోయినప్పుడు దాన్ని చెత్తలో వెయ్యరు, నీళ్లలో కలుపుతారు.

అంటే ఆ గుడ్డ మీద నమ్మకం, చేతిపని, ఊహ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. మీ పుస్తకాల్లోకి చేతిపని ఒక్కటే వస్తోంది, అదీ సగమే. ఎక్కడెక్కడ తప్పు జరుగుతోందో, దాని భారం ఎవరిమీద పడుతోందో కింద రాస్తున్నాం.

1. రంగు. పటంలో ఒంటిరంగును బట్టే పాత్ర ఎవరో తెలుస్తుంది. దేవుళ్లకు నీలం, దేవతలకు పసుపు, రాక్షసులకు గోధుమ లేదా ముదురు రంగులు, మనుషులకు గులాబీ ఛాయ. కథ చెప్పేవాళ్లు కట్టెతో చూపించగానే వెనక వరసలో కూర్చున్న ముసలమ్మ కూడా ఆ రంగును బట్టే గుర్తుపడుతుంది. ఫోటో తీసేటప్పుడు నేలంతా ఎరుపే కావడంతో కెమెరా తనంతట తానే ఎరుపును తగ్గిస్తుంది. ఎరుపు ఇటుకరంగుకు దిగుతుంది, దేవత పసుపు ముఖం పాలిపోతుంది. ఆ పాలిపోయిన ముఖం చూసి, ఏదో తేడా వచ్చిందనుకుని, డిజైన్ చేసే అబ్బాయి దాన్ని మనుషుల ఒంటిఛాయకు "సరిచేస్తాడు". అక్కడితో అమ్మవారు మామూలు ఆడమనిషి అయిపోయింది. పక్కపేజీలో "దేవత ప్రత్యక్షమైంది" అని ఉంటుంది, బొమ్మలో దేవత ఉండదు.

దీనికి మందు ఖరీదైనదేమీ కాదు. మొదటి ఫోటోలో, చివరి ఫోటోలో పటం పక్కన కలర్ కార్డు పెట్టాలి. కెమెరాలో రంగుల సర్దుబాటును ఆటోలో వదలకూడదు. రెండు పక్కల నుంచి 45 డిగ్రీల కోణంలో వెలుతురు పడాలి, ఫ్లాష్ కొట్టకూడదు. పొడుగాటి పటాన్ని గడిగడిగా తీస్తూ, ఒక ఫోటోకూ తర్వాతి ఫోటోకూ కనీసం పావువంతు కలిసేలా చూసుకోవాలి. అచ్చయ్యే కొలతకు 300 డీపీఐ తగ్గకూడదు. నాలుగు రంగుల అచ్చులో ఇంగిలీకం ఎరుపు పూర్తిగా రాదు. మెజెంటా, పసుపు నిండుగా ఉంచి, సయాన్ తీసేస్తే దగ్గరగా వస్తుంది. నీలిమందు నీలంలో మెజెంటా ఎక్కువైతే అది ఊదా అవుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ప్రూఫ్ షీటును అసలు పటం పక్కన పెట్టి పగటి వెలుతురులో చూడడం. మానిటర్ మీద చూసి సరే అనుకోవడంతోనే సగం నష్టం జరుగుతోంది.

2. కత్తిరింపు. గడికీ గడికీ మధ్య పూలతీగ పట్టీ ఉంటుంది. దాన్ని అలంకారం అనుకుని తీసేస్తున్నారు. ఘట్టం ఎక్కడ ముగిసిందో చెప్పేది ఆ పట్టీయే. అది తీసేసి రెండు గళ్లను కలిపితే రెండు వేర్వేరు రోజుల సంగతులు ఒకే చోట జరిగినట్టు కనబడతాయి. ఇంకో అలవాటు, పుస్తకం పేరు వైపు ముఖం తిరగాలని బొమ్మను అద్దంలోలా తిప్పేయడం. తిప్పగానే కుడిచేతి చక్రం ఎడమకు, ఎడమచేతి శంఖం కుడికి పోతాయి. కళ్లు తెరిచిన పటాన్ని పూజించేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. వెనక అట్ట మీద బార్‌కోడు ఎవరి ముఖం మీద పడుతోందో కూడా చూసుకోవాలి. అచ్చుకు పంపేముందు బొమ్మ వేసినవాళ్లకు ఒక్క వాట్సాప్ ఫోటో పంపితే ఇవన్నీ అరగంటలో తేలిపోతాయి.

3. నుడి. మాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. కథలో పాట ఉంటుంది, వచనం ఉంటుంది, వంతవాళ్ల పలుకు, అంటే పక్కనుండి అందుకుని పలికేవాళ్ల మాట, ఉంటుంది. అచ్చులో మూడూ ఒకే పేరాగా కలిసిపోతున్నాయి. వంతను "పునరుక్తి" అని కొట్టేస్తున్నారు. వంత లేకపోతే చెప్పేవాళ్లు ఊపిరి తీసుకునే చోటు పోతుంది, చదివేవాళ్లకు నడక దొరకదు. ఆపైన భాషను "ప్రామాణికం" చేస్తున్నారు. "ఏడికి పోతున్నవు" అన్నదాన్ని "ఎక్కడికి వెళ్తున్నావు" అని మార్చినప్పుడు ఏమవుతుందో మాత్రలు లెక్కపెట్టి చూడండి. ఏడికి 4, పోతున్నవు 6, మొత్తం 10. ఎక్కడికి 5, వెళ్తున్నావు 7, మొత్తం 12. తాళం 10 మాత్రలకు కట్టి ఉంటే ఆ చరణం ఇక పాడడానికి పనికిరాదు. సంపాదకుడు ఒక తెలుగు మాట తీసి మరో తెలుగు మాట పెట్టాడంతే, కానీ పాట పోయింది. రేపు ఆ ఇంటి పిల్లలు తాత కథను పుస్తకంలో చూసి నేర్చుకుందామంటే అది నోట పలకదు.

ఒక గంట కథను వంతతో, విరుపులతో సహా రాతలోకి ఎత్తడానికి ఏడెనిమిది గంటలు పడుతుంది. తిరిగి చెప్పినవాళ్లకు వినిపించి సరిచూసుకోవడానికి ఇంకో రెండు గంటలు. అంటే 10 గంటల కథకు దాదాపు 100 గంటల పని. మీరు రెండు వారాల గడువు, ఒక్క మనిషి కూలీ ఇచ్చి అడిగితే, ఆ పని చేసేవాళ్లు వంత తీసేసి సారాంశం రాసిస్తారు. తప్పు వాళ్లది కాదు.

4. "అని వారి నమ్మకం". జాంబవుడు భూమి కన్నా ఆరు నెలల ముందు పుట్టినవాడని జాంబపురాణం చెబుతుంది. తెలుగులో ఇంత పెద్ద ఊహలు అరుదు. నేల లేదు, నిలబడే చోటు లేదు, మనిషి మాత్రం ఉన్నాడు. ఊరవతలికి నెట్టేసిన జనం ఈ ఊరికంటే, ఈ నేలకంటే మేము ముందువాళ్లం అని చెప్పుకున్న మాట అది. అచ్చులో ఆ వాక్యం చివర "అని వారి నమ్మకం" అని తగిలిస్తారు. అదే సంపాదకుడు సముద్రానికి వారధి కట్టిన ఘట్టం వేసేటప్పుడు ఆ మూడు ముక్కలు తగిలించడు. ఒకరి పురాణం పురాణమట, ఇంకొకరిది నమ్మకమట. చెప్పేవాళ్లు దాన్ని పురాణం అనే పిలుచుకుంటారు. మీరు "జానపద గాథ" అని అట్ట మీద వేసి ఒక మెట్టు దించుతున్నారు.

ఇందులోనే ఇంకో పక్క కూడా ఉంది. భక్తి పుస్తకాలు వేసేవాళ్లు జాంబపురాణంలోని కామధేనువు ఘట్టాన్ని పూర్తిగా ఎత్తేసి, మిగిలినదాన్ని శుభ్రం చేసి వేస్తున్నారు. ఆ ఘట్టం లేకపోతే ఆ ఆవును కాచిన చెన్నయ్య కథ లేదు, ఆ కులం తన బతుకుకు తాను చెప్పుకున్న కారణమే లేదు. నమ్మకాన్ని వెక్కిరించడం, దాన్ని కడిగి తెల్లగా చేయడం, రెండూ చెప్పినవాళ్ల నోరు నొక్కడమే. కథలో ఇవాళ తిట్టుగా, చట్టరీత్యా నేరంగా మారిన కులవాచకాలు వస్తే పేజీ అడుగున వివరణ రాయండి. చెప్పకుండా మార్చకండి.

పేర్ల గందరగోళం కూడా తక్కువేం కాదు. కూనపులివాళ్లు చెప్పే మార్కండేయ పురాణం వేరు, తిక్కన శిష్యుడు మారన తెనిగించిన మార్కండేయ పురాణం వేరు. మొదటిదాంట్లో తామరతూడు దారంతో దేవతలకు బట్టలు నేసిన భావనారుషి ఉంటాడు. పుస్తకం పేరుతోపాటు "కూనపులి సంప్రదాయం" అని వెయ్యకపోతే గ్రంథాలయంలో రెండూ ఒకే సంఖ్య కింద పడతాయి. నేతకులపు పిల్ల తమ పురాణం కోసం వెతికితే వేరే పుస్తకం చేతికొస్తుంది.

5. పేరు, డబ్బు. చేర్యాల పటానికి జీఐ (భౌగోళిక గుర్తింపు) ఉంది కాబట్టి అంతా భద్రమే అని చాలామంది అనుకుంటున్నారు. జీఐ కాపాడేది సరుకు మీద ఉండే ఊరి పేరును. మీరు స్కాన్ చేసి అట్ట మీద వేసుకున్న బొమ్మ దాని పరిధిలోకి రాదు. అక్కడ పనిచేసేది 1957 నాటి కాపీరైట్ చట్టం. పటం కొన్నంత మాత్రాన దాన్ని అచ్చువేసే హక్కు రాదు, అది వేసినవాళ్ల దగ్గరే ఉంటుంది. కానీ డబ్బిచ్చి ప్రత్యేకంగా వేయించుకున్న బొమ్మ అయితే, వేరే ఒప్పందం లేనప్పుడు, 17వ సెక్షన్ ప్రకారం హక్కు వేయించుకున్నవాళ్లదే. అంటే నోటిమాట మీద అట్టబొమ్మ వేసిచ్చిన నకాషీకి ఆ తర్వాత ఆ బొమ్మ క్యాలెండర్ మీద, సంచుల మీద, ఈబుక్ మీద వచ్చినా అడిగే దారి మూసుకుపోతుంది. ఈ సెక్షన్ మీ లాయర్లకు తెలుసు, నకాషీలకు తెలియదు.

కథ చెప్పినవాళ్లకూ చట్టంలో చోటుంది. ప్రదర్శకుల హక్కు 38వ సెక్షన్‌లో ఉంది, 50 ఏళ్లు ఉంటుంది. ప్రదర్శకులంటే ఎవరో చెబుతూ ఆ చట్టం గారడీవాళ్లను, పాములాడించేవాళ్లను కూడా పేరుపెట్టి లెక్కలోకి తీసుకుంది. పటం కథ చెప్పేవాళ్లు అందులోకి రారని ఎవరూ అనలేరు. అయినా వెనక పేజీలో "జానపద కళాకారుల నుంచి సేకరణ" అన్న ఒక్క ముక్కతో సరిపెడుతున్నారు. 2022లో పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు పద్మశ్రీ ఇచ్చి గౌరవించుకున్నాం. అలాంటి కిన్నెర పట్టుకునేవాళ్ల పేరు పుస్తకంలో వెయ్యడానికి మాత్రం మనకు ఒక్క పంక్తి చోటు దొరకడం లేదు.

పేరు లేకపోతే పోయేది గౌరవం ఒక్కటే కాదు. కళాకారుల పింఛనుకో గుర్తింపు కార్డుకో దరఖాస్తు పెట్టినప్పుడు ఏం ఆధారం చూపిస్తావని అడుగుతారు. అచ్చులో పేరున్న పుస్తకం ఒక్కటి చేతిలో ఉంటే అదే ఆధారం. పోషించే కులాల ఇళ్లల్లో కథ చెప్పించుకోవడం తగ్గిపోయింది, కథ చెప్పేవాళ్లు పటం వేయించడం తగ్గిపోయింది. అందుకే నకాషీ చేతులు ఇవాళ ఎక్కువగా మాస్కుల మీద, తాళంచెవి బిళ్లల మీద, రెండు మూడు బొమ్మల చిన్న చట్రాల మీద పనిచేస్తున్నాయి. పొడుగు పటం వేసే చేయి అలవాటు తప్పితే గడి తర్వాత గడి ఏం రావాలో కూడా మరచిపోతుంది. మీ పుస్తకం ఒక్కటి మొత్తం పటం వేయించుకున్నా ఆ ఇంట్లో కొన్ని నెలల పని, పిల్లలకు ఒక పాఠం.

రచయితలకు ఒక మాట. మీ ఊహకు మేము హద్దు గీయడం లేదు. పటం చెప్పేవాళ్లే కథను మారుస్తారు. కథ చెప్పించుకుంటున్న ఇంటివాళ్ల పేరు కలుపుతారు, మొన్న జరిగిన సంగతి దూరుస్తారు, ఏడిపించాలనుకున్న చోట సాగదీస్తారు. మీరూ మార్చండి. జాంబవుడిని హైదరాబాద్ మెట్రోలో ఎక్కించండి. పుస్తకం చివర మాత్రం ఏది విన్నారో, ఏది మీరు కల్పించారో రెండు మూడు వాక్యాల్లో రాయండి. లేకపోతే పదేళ్ల తర్వాత మీ కల్పనే అసలు పురాణంగా పరిశోధన వ్యాసాల్లోకి ఎక్కుతుంది, చెప్పేవాళ్లు చెప్పింది తప్పని వాళ్లకే చెబుతారు.

ఇవేవీ జరగని పనులు కావు. 1970లలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ కాటమరాజు కథలను సంపుటాలుగా వేసింది. 1982లో పరిశోధకుడు జీన్ రోఘేర్ పల్నాటి వీరుల కథను ఇంగ్లీషులోకి తెచ్చినప్పుడు, పాడిన అలిశెట్టి గాలెయ్య ఎవరో చదివినవాళ్లందరికీ తెలిసేలా రాశాడు. అప్పుడు ఉన్నవి టేప్ రికార్డర్లు. ఇవాళ జేబులో ఉన్న ఫోనుతోనే అంతకంటే బాగా రికార్డు చేయొచ్చు.

మేము కోరేవి ఇవి:

1. కథ చెప్పినవాళ్ల పేర్లు, వంతవాళ్లతో సహా, పటం వేసినవాళ్ల పేరు, ఊరు, రికార్డు చేసిన తేదీ ముద్రణ వివరాల పేజీలో ఉండాలి. అట్టబొమ్మ వాళ్లదైతే డిజైనర్ పేరు కంటే ముందు వాళ్ల పేరు ఉండాలి. పేరు వద్దని వాళ్లే అంటే అది వేరు సంగతి.

2. ఒప్పందం తెలుగులో, ఒక్క పేజీలో ఉండాలి. సంతకానికి ముందు చదివి వినిపించాలి. ఎన్ని ప్రతులు, ఎన్నేళ్లు, ఈబుక్, ఆడియో, ఇతర వస్తువులు, ఒక్కోదానికి ఎంత అన్నది విడివిడిగా రాయాలి. హక్కు వేసినవాళ్ల దగ్గరే ఉంటుందన్న వాక్యం తప్పనిసరిగా ఉండాలి. గడువు రాయకపోతే చట్టప్రకారం అది అయిదేళ్లే అని కూడా వాళ్లకు చెప్పండి. పటం ధర వేరు, అచ్చువేసుకునే హక్కు ధర వేరు. పుస్తకం ప్రతులు ఇవ్వడం కూలీ కిందికి రాదు.

3. రాతప్రతి అచ్చుకు పోయేముందు చెప్పినవాళ్లకు మొదటి నుంచి చివరిదాకా వినిపించాలి. నుడి మార్చాలనిపిస్తే అంచున అర్థం రాయండి, మాట ముట్టుకోకండి. పాట, వచనం, వంత వేరువేరుగా కనబడేలా పంక్తులు విరవండి. వీలైతే పుస్తకం వెనక క్యూఆర్ కోడు పెట్టి అసలు గొంతు వినిపించండి.

4. బొమ్మను తిప్పకండి, పట్టీలు కత్తిరించకండి, ముఖం రంగు ముట్టుకోకండి. హక్కులు రాసిచ్చిన తర్వాత కూడా తమ పేరుకు మచ్చ తెచ్చే మార్పుల్ని అడ్డుకునే హక్కు 57వ సెక్షన్ కింద కళాకారులకు ఉంటుంది.

5. "నమ్మకం", "గాథ", "పురాణం" అన్న మాటల్ని అందరి కథలకూ ఒకే కొలతతో వాడండి.

6. అకాడమీలు, విశ్వవిద్యాలయాలు ఒక్కో కులపురాణాన్ని కనీసం ఒక్కసారి మొదటి నుంచి చివరిదాకా రికార్డు చేయించి, పటంతో, పాఠంతో కలిపి వెయ్యాలి. ఖర్చు వేసేటప్పుడు పైన చెప్పిన గంటల లెక్క చూడండి. హైదరాబాద్‌లోని జగదీశ్, కమలా మిత్తల్ మ్యూజియంలో పాత తెలంగాణ పటాలున్నాయి. వాటి ముందు కథ చెప్పేవాళ్లను కూర్చోబెట్టి గడిగడికీ చెప్పించి రాసుకోవడం ఇంకా మిగిలే ఉన్న పని. పెద్దవాళ్లు ఉండగానే చేసుకోవాలి.

7. ఇప్పటికే అచ్చయిన పుస్తకాలను వెనక్కి తీసుకోమని అడగడం లేదు. గోదాములో ఉన్న ప్రతులకు ఒక చీటీ అతికించండి, అందులో మూడు పంక్తులు చాలు: కథ చెప్పింది ఎవరు, పటం వేసింది ఎవరు, బొమ్మలో ఉన్నది ఏ ఘట్టం. 60 రోజుల్లో ఆ పని మొదలుపెట్టి, అతికించిన చీటీ ఒకటి ఆ ఇళ్లకు పోస్టులో పంపండి.

ఇట్లు,
పటం కథల రాతపని, బొమ్మపని చేసేవాళ్లం